"ఎందుకైనా మంచిది" అనుకుంటూ ఒక మనిషిని చెట్టుకి కట్టేశాం

చదువుకున్నవాళ్లు కూడా వదంతుల్ని ఎలా నమ్ముతారు, ఊరికి ఊరే ఒక్కసారిగా ఎలా భయపడిపోతుంది, దగ్గరుండి చూసినవాళ్లు చెప్పమని అడిగారు. నేను చూశాను. చూడడమే కాదు, ఆ భయాన్ని నలుగురికీ పంచినవాళ్లలో నేనూ ఉన్నాను.

2018 మే నెల. మాది నల్గొండ జిల్లాలో చిన్న ఊరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, బంధువుల పెళ్లికని వారం రోజులు సెలవు పెట్టి వచ్చాను. అప్పటికే అందరి ఫోన్లలో ఒకటే వార్త: పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకెళ్లి కిడ్నీలు తీస్తున్నారు. దాంతోపాటు ఒక వీడియో. బైక్ మీద ఇద్దరొస్తారు, రోడ్డు పక్కన ఆడుకుంటున్న పిల్లాడిని లాక్కుని వెళ్లిపోతారు. ఆ వెనకే ఒక ఆడియో, అచ్చం మా యాసలో, "మన పక్క మండలంలనే రాత్రి ఇద్దరు పిల్లలు పోయిండ్రు" అంటూ.

ఆ వీడియో పాకిస్తాన్‌లోని కరాచీలో తీసిందని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని చెప్పడానికి అక్కడ ఎవరో తీసిన ప్రచార చిత్రం అది. అసలు వీడియోలో చివరికి ఆ బైక్ వాళ్లే వెనక్కి వచ్చి పిల్లాడిని దింపేసి, హెచ్చరిక రాసిన బోర్డు పట్టుకుని చూపిస్తారు. ఎవరో ఆ ముక్క కత్తిరించేశారు. పార్థీ అన్న పేరు కూడా అంతే, ఎప్పటి నుంచో తయారుగా ఉన్న పేరు. బ్రిటిష్ వాళ్లు 1871లో కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులంటూ చట్టం చేశారు. ఆ ముద్ర పడ్డవాళ్లలో పార్థీలూ ఉన్నారు. 1952లో చట్టాన్ని రద్దు చేశారు కానీ, ఆ పేరు చెబితే పుట్టే భయం మాత్రం పోలేదు.

నన్ను మా అక్క ఫోన్ చేసి అడిగింది, "నిజమేనంటావా?" అని. నాకు సగం అనుమానంగానే ఉంది. అయినా ఏమన్నానో తెలుసా? "ఏమో అక్కా, ఎందుకైనా మంచిది, పిల్లల్ని బయటికి పంపకు" అన్నాను. మధ్యాహ్నం భోజనం చేసి, ఆ వీడియోను ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. గ్రూపులో నలభై మంది ఉంటారు.

మీ ప్రశ్నకి నా జవాబు ఆ ఒక్క మాటలోనే ఉంది. మా ఊళ్లో గుండె మీద చెయ్యేసి ఆ వార్తను నమ్మినవాళ్లు నాకు తెలిసి పది మంది కూడా ఉండరు. మిగతా అందరిదీ "ఎందుకైనా మంచిది" అన్న లెక్కే. నిజం కాకపోతే నష్టం లేదు, నిజమైతే మాత్రం చెప్పలేదన్న పాపం మనకెందుకు అని. పైగా ఎవరైనా "ఇదంతా ఉత్తదే" అంటే, "నీ పిల్లలైతే తెలుస్తది" అన్న మాట వెంటనే వస్తుంది. ఆ మాటకి ఎవరి దగ్గరా జవాబుండదు. అందుకే అనుమానం ఉన్నవాళ్లు నోరు విప్పరు. వాళ్లు మాట్లాడకపోవడం చూసి మిగతావాళ్లు, ఊరంతా నమ్ముతోందనుకుంటారు.

మీలో ముప్పై ఐదు దాటినవాళ్లకి "ఓ స్త్రీ రేపు రా" గుర్తుండే ఉంటుంది. రాత్రిపూట దయ్యం తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందని, తలుపు మీద ఈ మాట రాసి ఉంటే చదువుకుని వెళ్లిపోతుందని. మా అమ్మ ఎనిమిదో తరగతి దాకా చదివింది, దయ్యాలంటే నమ్మేది కాదు. అయినా బొగ్గుముక్కతో తలుపు మీద రాసింది. అడిగితే ఎందుకైనా మంచిదిరా అంది. 2016 నవంబర్‌లో నోట్ల రద్దు టైమ్‌లో ఉప్పు దొరకదన్న పుకారు లేస్తే, ఇంట్లో రెండు ప్యాకెట్లు ఉన్నా నేను మరో ఐదు కొన్నాను. అదీ అంతే. బొగ్గుతో రాస్తే తలుపు మసవుతుంది, ఉప్పు కొంటే వంద రూపాయలు పోతాయి. 2018లో మా జాగ్రత్తకి ఖరీదు కట్టింది మేము కాదు.

వేసవిలో మా ఊళ్లో అందరూ వాకిట్లో మంచాలేసుకుని పడుకుంటారు. ఆ వారం ఒక్క మంచం కూడా బయట లేదు. ఉక్కలో ఇళ్లకి గడియలు పెట్టుకుని లోపలే పడుకున్నారు. కుర్రాళ్లు కర్రలు, టార్చిలైట్లు పట్టుకుని వంతులేసుకుని తిరిగారు. రెండో రోజు నేనూ వెళ్లాను.

మూడో రోజు పొద్దుగూకే వేళ టీవీఎస్ బండి మీద ఒక మనిషి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. బండికి ఒక సంచి వేలాడుతోంది. "ఎవరు, ఎక్కడి నుంచి?" అంటే సగం హిందీ, సగం తెలుగు. మాట తడబడింది. ముప్పై మంది చుట్టూ నిలబడి అరుస్తుంటే ఎవరికి తడబడదు? కానీ ఆ తడబాటే సాక్ష్యమైపోయింది. బస్టాప్ దగ్గరున్న వేపచెట్టుకి, అతని భుజం మీది తువ్వాలుతోనే చేతులు కట్టేశారు. ఎవరో రెండు దెబ్బలు వేశారు, పెదవి చిట్లింది. సంచి బోర్లించారు. కుక్కర్ గాస్కెట్లు, స్క్రూడ్రైవర్లు, స్టవ్ బర్నర్లు, ఒక టిఫిన్ డబ్బా మట్టిలో పడ్డాయి. గాస్కెట్లు చూశాక కూడా ఎవరూ తగ్గలేదు. "ఇవన్నీ పైపైకి పెట్టుకుంటరు" అన్నాడొకడు. నేను వెనక వరసలో ఉన్నాను. కొట్టలేదు. ఆపనూ లేదు. చేతిలో ఫోనుంది, 100కి చేయొచ్చన్న ఆలోచనే రాలేదు.

గోల విని మా పెద్దమ్మ వచ్చింది. ఒక్క క్షణం అతని మొహం చూసి, ఏమీ అనకుండా వెనక్కి తిరిగి ఇంటికెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో కుక్కర్ ఉంది. దాని నల్ల హ్యాండిల్ ఎప్పుడో విరిగిపోతే, దాని చోట బిగించిన ఎర్ర హ్యాండిల్ కనిపిస్తోంది. అందరి ముందూ పైకెత్తి, "నిరుడు గీయననే బిగించిండు. ఇరవై రూపాలు తక్కువుంటే మళ్లొచ్చినప్పుడు ఇయ్యమన్నడు. గా పైసలకే వచ్చిండేమో. ఇప్పండ్రి!" అని అరిచింది. కట్లు విప్పారు. ఎవరూ మాట్లాడలేదు. నేను మట్టిలో గాస్కెట్లు ఏరి సంచిలో వేశాను. పెద్దమ్మ మంచినీళ్లు ఇచ్చి, ఇరవై రూపాయలు అతని జేబులో పెట్టింది. అతను బండి స్టార్ట్ చేయడానికి నాలుగైదు సార్లు తన్నాల్సి వచ్చింది, కాళ్లు అంతగా వణుకుతున్నాయి. మళ్లీ మా ఊరికి రాలేదు.

అతన్ని తెలిసినవాళ్లు ఒక్కరున్నారు కాబట్టి బతికాడు. తెలిసినవాళ్లు లేనిచోట ఏమైందో ఆ ఏడాది దేశమంతా చూసింది. అదే మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, రంజాన్ మాసమని భిక్షకి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో సంచార జాతికి చెందిన ఐదుగురిని చంపేశారు. జూలై 13న బీదర్ జిల్లాలో, స్కూలు పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారని హైదరాబాద్ నుంచి కార్లో వెళ్లిన స్నేహితుల మీద పడ్డారు, వాళ్లలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ప్రాణం పోయింది. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్లకి మించి పంపకుండా కట్టడి పెట్టింది, గ్రూపైనా ఒక చాట్ కిందే లెక్క. కొంచెం నెమ్మదిస్తుందేమో. కానీ నేను పంపింది ఒక్క గ్రూపుకే కదా.

పనిచేసిన పద్ధతి ఒకటుంది. జోగులాంబ గద్వాల జిల్లాకి అప్పట్లో రెమా రాజేశ్వరి గారు ఎస్పీ. వేసవిలో కూడా జనం ఆరుబయట పడుకోవడం లేదని ఊళ్లకి వెళ్లిన కానిస్టేబుళ్లు గమనించి చెబితే, సంగతి ఆవిడకి అర్థమైంది. పోలీసుల్ని ఊరూరా పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఆ జిల్లాలో ఎవరి ప్రాణమూ పోలేదు. అది కూడా మా పెద్దమ్మ చేసిన పనే అనిపిస్తుంది నాకు. భయం మనకి తెలిసినవాళ్ల గొంతుతో వచ్చింది, దాన్ని ఆపే మాట కూడా ఎదురుగా నిలబడ్డ మనిషి నోటి నుంచే రావాలి. టీవీలో ప్రకటన మేమూ చూశాం, ఎవరూ పట్టించుకోలేదు.

మా ఊళ్లో అతని కట్లు విప్పిన రాత్రే, గ్రూపులో నేను పెట్టింది తప్పని రాశాను. ఇద్దరు చూసి దండం బొమ్మ పెట్టారు, అంతే. అప్పటినుంచి అలాంటివి వస్తే గ్రూపులో వాదించను. పంపినవాళ్లకి నేరుగా ఫోన్ చేసి మూడు ముక్కలు అడుగుతాను: ఏ ఊరు, ఎవరి పిల్లాడు, నీకు ఎవరు పంపారు? మొన్న అక్కే ఇలాంటిదొకటి పెట్టింది. అడిగితే, "వదినని కనుక్కుంటా" అంది. వదిన తన ఆఫీసులో ఎవరినో కనుక్కుంటానంది. సాయంత్రానికి అక్క ఆ మెసేజ్ తీసేసింది.