ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు ఏం పని చెప్పాలి?
ఎనిమిది, పదేళ్ల పిల్లలు సెలవుల్లో ఫోన్ వదలట్లేదని వర్క్‌బుక్కులు కొనకండి, వారానికే విసుగొస్తుంది. రోజూ కొలిచి రాసుకునే పని ఒక్కటివ్వండి. మేడ మీద ఇసుక డబ్బాలో 30 సెంటీమీటర్ల పుల్ల గుచ్చండి. దారానికి తాళంచెవి కట్టి వేలాడదీసి, పుల్ల నిటారుగా ఉందో లేదో చూడాలి. కాస్త వంగినా లెక్క తప్పుతుంది. 12 నుంచి 12:30 దాకా ఐదు నిమిషాలకోసారి నీడ కొసన సుద్దముక్కతో గుర్తుపెట్టి, స్కేలుతో కొలిపించండి. టోపీ, చెప్పులు తప్పనిసరి, గచ్చు కాలిపోతుంటుంది.

హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో 12:12కి సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, నీడ మాయమవుతుంది. పన్నెండుకే ఎందుకు కాదంటారా? మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరి సూర్యుణ్ని బట్టి పెట్టింది; హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర కాబట్టి ఇక్కడికి సూర్యుడు కాస్త ఆలస్యంగా వస్తాడు, ముఖ్యకారణం అదే.

ఒకరోజు సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం చూపించండి. శుక్రవారం సెలవు.