ఆ వలయం వేపదా, మిథనాల్‌దా?

ప్రశ్న: మేడం, ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వేపాకు సారాన్ని స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా మీద పరీక్షించాను. మిథనాల్‌తో తీసిన సారానికి 14 మిల్లీమీటర్ల జోన్ (బాక్టీరియా పెరగని గుండ్రటి ఖాళీ) వచ్చింది. ఆకును నీళ్లలో మరిగించి తీసిన సారానికి ఏమీ రాలేదు. వేపాకు గుణం మిథనాల్‌లోకే దిగుతుందని రాసేయవచ్చా? నెలాఖరుకు రిపోర్టు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: అప్పుడే రాయకండి. అదే ప్లేటులో ఉత్త మిథనాల్ కూడా ఒక వెల్‌లో (అగార్ జెల్లీలో చేసిన గుంతలో) పోశారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.

నా ప్రాజెక్టు రోజుల్లో నాకూ ఇలాంటి జోనే వచ్చింది. ఇంక్యుబేటర్ తలుపు తీస్తే లేత పసుపు పొర మధ్యలో అద్దంలా తేటగా, గుండ్రటి ఖాళీ. ప్లేటు పట్టుకుని మా గైడ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన స్కేలు కూడా తీయలేదు. "మిథనాల్ ఒక్కటే పోసిన వెల్ ఏదమ్మా?" అన్నారు. మర్నాడు అదీ పెట్టి చూస్తే దాని చుట్టూ దాదాపు అంతే ఖాళీ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే మిమ్మల్ని ఇంతగా అడుగుతున్నాను.

మిథనాల్ పూర్తిగా ఎగిరిపోయేదాకా సారాన్ని ఆరనివ్వండి. మిగిలిన జిగట ముద్దను తూకం వేసి డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించండి. ప్లేటులో ఉత్త డీఎంఎస్‌ఓకి ఒక వెల్, తెలిసిన యాంటీబయాటిక్‌కి ఒక వెల్ తప్పనిసరి. తూకం ఎందుకంటే, రెండు సారాల్లోనూ వెల్‌లో పడింది ఎన్ని మిల్లీగ్రాములో తెలియకపోతే ఒకదాన్ని ఇంకోదానితో పోల్చలేం. అన్నట్టు, ఆ 14లో వెల్ వెడల్పు కూడా కలిసి ఉందా? అదీ రాయాలి.

నీళ్ల సారాన్ని మాత్రం అప్పుడే కొట్టిపారేయకండి. మరిగించారు కదా, వేడికి చెడే పదార్థాలుంటాయి. మలేరియా మందు వెతికిన చైనా శాస్త్రవేత్త తూ యూయూ 1971లో తక్కువ వేడికే మరిగే ఈథర్ వాడాకే ఆర్టెమిసినిన్ అనే మందు పదార్థం ఉన్న సారం బాగా పనిచేసింది. అది బాక్టీరియా సంగతి కాదు, కానీ సారం తీసే పద్ధతికి ఎంత విలువుందో చెబుతుంది. ఒక గిన్నె ఆకును గది వేడిమిలోనే నీళ్లలో నానబెట్టి చూడండి.

ఇంకో చిక్కు అగార్‌లోనే ఉంది. జోన్ పెద్దదైతే మందు బలమైనదని కాదు. నూనె స్వభావమున్న పదార్థం ఎంత ఘాటైనదైనా అగార్‌లో పెద్దగా పాకదు, వెల్ దగ్గరే ఆగిపోతుంది. ప్లేటులో పోసే ముల్లర్ హింటన్ అగార్ 4 మిల్లీమీటర్ల మందం కంటే పలచబడినా, బాక్టీరియా ద్రావణం 0.5 మెక్‌ఫార్లాండ్ (ద్రావణం మసకను కొలిచే ప్రమాణం) కంటే పలచనైనా జోన్ పెరిగిపోతుంది. కాబట్టి 96 గుంతల ప్లేటులో ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనీస మోతాదు) పరీక్ష చేయండి. సారాన్ని సగం, సగంలో సగం చొప్పున పలుచన చేస్తూ పోవాలి. ఆకుపచ్చ సారంలో బాక్టీరియా పెరిగితే వచ్చే మసక కంటికి ఆనదు, అందుకని చివర్లో రెసజురిన్ అనే నీలి రంగు చుక్క వేయండి. బాక్టీరియా బతికి పెరుగుతున్న గుంత గులాబీ రంగుకి తిరుగుతుంది, పెరుగుదల ఆగిన గుంత నీలంగానే ఉంటుంది. ఆగడం వేరు, చావడం వేరు. అది తేల్చడానికి మాత్రం రెసజురిన్ వేయకముందే ఒక్కో గుంతలోంచి కాస్త తీసి కొత్త అగార్ మీద రాసి, మర్నాడు చూడండి.

ప్రతిదీ మూడేసిసార్లు చేయండి. ఉత్త డీఎంఎస్‌ఓకి కూడా జోన్ వస్తే దాని మోతాదు తగ్గించి మళ్లీ పెట్టండి, ఆ కొలతనూ రిపోర్టులో చూపించండి.