ఎవరికి ఏం తెలుసు, ఎవరి మీద ఏం బాకీ

ప్రియమైన తమ్ముడికి,

మార్వెల్ సంస్థ వాళ్ల ఎక్స్-మెన్ కామిక్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం పూర్తిగా చదివాను. చదివించే చెయ్యి నీది, అందులో సందేహం లేదు. అయితే సగం వ్యాసం కథ చెప్పడానికే సరిపోయింది, మిగతా సగం తప్పుల పట్టికకి. ఫలానా పేజీలో చేతి తొడుగుల రంగు మారింది, ఫలానా సంచికలో చెప్పింది తర్వాతి సంచికలో మర్చిపోయారు, ఇలా. నువ్వు పట్టుకున్నవన్నీ నిజమే కావచ్చు. కానీ వాటికి ఓపిక ఉంటే చాలు, కథ అర్థం కానక్కర్లేదు. టీమ్ కామిక్‌లో, అంటే ఒక జట్టు వీరుల బొమ్మల కథలో, ప్లాట్‌నీ (కథ నడకనీ) కంటిన్యుటీనీ (సంచికకీ సంచికకీ మధ్య పొంతననీ) పట్టి చదవాలంటే ఏం చూడాలో నాకు తోచింది రాస్తున్నాను. నచ్చినంత తీసుకో.

మొదటిసారి మామూలుగా చదివెయ్యి. నోట్సు రాయకు, వెనక్కి తిప్పకు. రెండోసారి మాత్రం ప్రతి సంచిక అయిపోగానే ఆగి రెండు ప్రశ్నలు వేసుకో. ఇప్పుడు ఎవరికి ఏం తెలుసు? ఎవరి మీద ఏం బాకీ మిగిలింది?

మొదటి ప్రశ్న ఎందుకంటే, టీమ్ కామిక్‌లో ఏడెనిమిది మంది ఉంటారు. అందరూ అన్ని సీన్లలో ఉండరు. ఒకరు చూసింది ఇంకొకరికి తెలియదు, ఒకరు దాచింది పాఠకుడికి తెలుసు. ప్లాట్ నడిచేది ఈ తేడాల మీదే. కొట్లాటలు పైకి కనిపించేవి, అంతే. మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ కలిసి చేసిన న్యూ టీన్ టైటన్స్ తీసుకో. 1982 చివర్లో టెర్రా అనే అమ్మాయి వస్తుంది, టీమ్‌లో చేరుతుంది. ఆమె టైటన్స్ శత్రువు డెత్‌స్ట్రోక్ మనిషని 1983లోనే మనకి చూపించేస్తారు. టీమ్‌కి మాత్రం తెలియదు. 1984లో ఆ గుట్టు బద్దలయ్యే దాకా ఆమె వాళ్ల మధ్యే తిరుగుతుంది, నవ్వుతుంది, కసురుకుంటుంది. గుట్టు తెలియనప్పుడు ఆ కసురు చిన్నపిల్ల పెంకితనం. తెలిశాక అదే మాట చదివితే ఒళ్లు జలదరిస్తుంది. మాట మారలేదు, మనకి తెలిసింది మారింది. నువ్వు గుర్తు పెట్టుకోవలసింది ఆ గుట్టు ఏమిటన్నది కాదు, అది ఏ పేజీలో మన చేతికి వచ్చింది, టైటన్స్ చేతికి ఎన్నాళ్ల తర్వాత వెళ్లింది అన్నది.

ఎక్స్-మెన్‌లోనే ఇంకోటి ఉంది, నీ వ్యాసంలో దాని ఊసే లేదు. 97వ సంచికలో ఎక్స్-మెన్ గురువు ప్రొఫెసర్ జేవియర్‌కి ఒక పీడకల వస్తుంది. ఎక్కడో అంతరిక్షంలో ఓడలు యుద్ధం చేసుకుంటుంటాయి. ఎందుకు వచ్చిందో ఆయనకే తెలియదు. 105వ సంచికలో వేరే లోకపు రాకుమారి లిలాండ్రా ఆయన ముందుకు వచ్చి నిలబడే దాకా దాని సంగతి తేలదు. ఆ కథ ముగిసేది 108లో. అప్పట్లో ఆ పత్రిక రెండు నెలలకోసారి వచ్చేది, కాబట్టి 1976 మొదట్లో పడిన విత్తనం 1977 చివరికి గానీ కోతకి రాలేదు. ఇప్పుడు అందరం ఒకే పుస్తకంగా కుట్టిన సంపుటాల్లో ఒక సాయంత్రం కూర్చుని చదివేస్తున్నాం కదా, ఆ ఎడం మనకి తెలియడం లేదు. అప్పటి పాఠకుడు ఆ కలని మర్చిపోయి ఉంటాడని రచయితకి తెలుసు. అందుకే మధ్యలో మళ్లీ మళ్లీ దాన్ని తట్టి లేపుతూ ఉంటాడు. అదే మాట ఎందుకు తిరిగి తిరిగి చెప్తున్నాడని నువ్వు విసుక్కున్నావు చూడు, సగం కారణం ఇదే. ఏ సంచిక ఎవరికి మొదటిదవుతుందో తెలియదు కాబట్టి ప్రతిసారీ ఎవరి శక్తి ఏమిటో చెప్పుకోక తప్పదు. విసుగు పక్కన పెట్టి, తిరిగి చెప్పినప్పుడు ఏ మాట మారిందో చూడు.

ఇక రెండో ప్రశ్న. నా లెక్కలో కంటిన్యుటీ అంటే ఇదే. జరిగినదానికి ఎవరు ఎంత చెల్లించారు, ఇంకా ఎంత చెల్లించాలి. నువ్వు రాసింది డార్క్ ఫీనిక్స్ కథ గురించే కాబట్టి దాన్నే చూద్దాం.

1976లో 101వ సంచికలో టీమ్‌లోని జీన్ గ్రే నీళ్లలోంచి అపార శక్తి ఉన్న ఫీనిక్స్‌గా పైకి లేస్తుంది. అప్పుడే ఒక బాకీ మొదలైంది. అంత శక్తి ఊరికే వస్తుందా? 108లో ఆ శక్తితోనే ఆమె విశ్వాన్ని కాపాడుతుంది. కాబట్టి ఎవరూ ఏమీ అడగరు. తర్వాత జేసన్ విన్‌గార్డ్ అని ఒకడు ఆమె మనసులో దూరి, లేని గతాన్ని చూపించడం మొదలుపెడతాడు. 1980 జనవరి తేదీతో వచ్చిన 129 నుంచి కథ పరుగందుకుంటుంది. 134 చివర కట్టలు తెగి ఆమె డార్క్ ఫీనిక్స్ అవుతుంది. 135లో ఆమె ఆకలి తీర్చుకోవడానికి ఒక నక్షత్రాన్ని మింగేస్తుంది. దాని చుట్టూ తిరిగే గ్రహం మీద ఐదు వందల కోట్ల మంది ఉన్నారు. ఆ గ్రహం మీది డి'బారి జాతివాడు ఒకడు 1964లోనే, అవెంజర్స్ 4వ సంచికలో కనిపించాడు. ఇది నువ్వు పట్టుకున్నావు, బాగుంది. కానీ "పాత సంచిక ప్రస్తావన" అని ఒక్క ముక్కలో వదిలేశావు. పేరూ ఊరూ లేని గ్రహాన్ని కాల్చేస్తే అది అంకె. ఒకప్పుడు మనం ముఖం చూసిన జాతిని కాల్చేస్తే అది నేరం. పాత సంచిక ఇక్కడ పని చేస్తోంది, అలంకారంగా కూర్చోలేదు.

ఆ తర్వాత జరిగింది తెరవెనక కథే అయినా చదువరికి పనికొచ్చేది. రచయిత క్రిస్ క్లేర్‌మాంట్, చిత్రకారుడు జాన్ బర్న్ మొదట అనుకున్న ముగింపులో జీన్ శక్తులు పోగొట్టుకుని బతికే ఉంటుంది. అప్పటి ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ ఒప్పుకోలేదు. అంతమందిని చంపాక ఆ శిక్ష సరిపోదన్నాడు. అప్పుడు 137వ సంచిక చివరి పేజీలు మార్చారు, చంద్రుడి మీద జీన్ తన ప్రాణం తానే తీసుకుంది. పక్కన పెట్టిన ముగింపుని 1984లో విడిగా అచ్చేశారు. రెండూ దొరకబుచ్చుకుని పక్కపక్కన పెట్టి చదువు. మొదటిదాంట్లోనూ ప్లాట్‌కి లోటేమీ లేదు, అన్ని ముడులూ విడిపోతాయి. బాకీ మాత్రం తీరదు. కంటిన్యుటీ మీద వంద వ్యాసాలు చదివితే తెలిసేదానికన్నా ఈ రెండు ముగింపుల మధ్య తేడా ఎక్కువ చెప్తుంది.

అదే 137లో, జీన్‌ని శిక్షించాలన్నవాళ్లతో పోరు మొదలయ్యే ముందు కొన్ని పేజీలు ఉన్నాయి. నువ్వు వాటిని "యాక్షన్ ముందు విరామం" అన్నావు. నేనైతే ఆ సంచిక మొత్తంలో అక్కడే ఎక్కువసేపు ఆగుతాను. ఒక్కొక్కరూ విడివిడిగా, ఎవరికి వాళ్లు ఆలోచించుకుంటారు. జీన్ పక్కన నిలబడాలా, ఎందుకు? ఏంజెల్, బీస్ట్ 1963 మొదటి సంచిక నుంచీ ఆమెతో ఉన్నవాళ్లు. కొలోసస్, నైట్‌క్రాలర్ 1975లో వచ్చినవాళ్లు. స్టార్మ్ ఆమెని చెల్లెలిలా చూసుకుంది. నిలబడాలన్న నిర్ణయం ఒకటే, దారులు మాత్రం వేరు. టీమ్ కామిక్ సరిగ్గా రాశారో లేదో తెలియాలంటే ఇలాంటి చోట ఒక పరీక్ష పెట్టు. ఒకరి ఆలోచన తీసి ఇంకొకరి తల మీద పెట్టు. తేడా తెలియకపోతే ఆ రచయిత మనుషుల్ని రాయలేదు, యూనిఫాంలని రాశాడు.

ఇక్కడ బొమ్మల గురించి ఒక మాట. నువ్వు మాటలే చదువుతున్నావని నాకు అనుమానం. మార్వెల్‌లో ఆ రోజుల్లో చాలా వరకు ముందు కథ క్లుప్తంగా అనుకునేవారు, చిత్రకారుడు పేజీలన్నీ గీసేవాడు, ఆ తర్వాతే రచయిత బెలూన్లలో పాత్రల మాటలూ, క్యాప్షన్లలో కథనమూ నింపేవాడు. అంటే ఒకే పేజీ మీద ఇద్దరు కథ చెప్తున్నారు, ఇద్దరూ ఒకటే చెప్తున్నారన్న గ్యారంటీ లేదు. 140వ సంచికలో కొలోసస్ చెట్టు మొద్దు పీకే సీన్ ఉంది. తాను దాన్ని అవలీలగా పీకుతున్నట్టు గీస్తే, దాని మీద కష్టపడుతున్నట్టు మాటలు వచ్చి పడ్డాయని బర్న్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. చెట్టు మొద్దు దగ్గర ఇంత గొడవా అనిపిస్తుంది. కానీ కొలోసస్ బలం ఎంత అన్నది ఇద్దరి తలల్లో రెండు రకాలుగా ఉందన్నమాట. కాబట్టి ముఖ్యమైన పేజీల్లో మాటల మీద కాగితం అడ్డం పెట్టి బొమ్మలు ఒకసారి చదువు. తర్వాత బొమ్మలు వదిలేసి మాటలు చదువు. రెండూ ఎక్కడ విడిపోయాయో అక్కడ గుర్తు పెట్టుకో. అది తప్పే కానక్కర్లేదు. ఒక్కోసారి పాత్ర నోటితో అబద్ధం చెప్తుంటే ముఖం నిజం చెప్తుంది. ఒక్కోసారి నిజంగానే ఇద్దరు సృష్టికర్తల పేచీ. ఏది ఏదో తేల్చుకోవడమే నీ పని.

తప్పులంటావా, వాటికి నేను పెద్ద విలువ ఇవ్వను. 1964లో ఒక ఫెంటాస్టిక్ ఫోర్ సంచికలో హల్క్ అసలు పేరు బ్రూస్ బ్యానర్ బదులు బాబ్ బ్యానర్ అని పడింది. పాఠకులు పట్టుకున్నారు. స్టాన్ లీ తొణక్కుండా అతని పూర్తి పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్ అనేశాడు. అయిపోయింది. దాని వల్ల ఎవరి నిర్ణయమూ మారలేదు, ఎవరి బతుకూ మారలేదు. ఇలాంటివి కనిపిస్తే ఒక నవ్వు నవ్వి ముందుకి పో. వయసుల లెక్కలు కూడా అంతే. 1980లో ఎక్స్-మెన్‌లోకి వచ్చిన కిట్టీ ప్రైడ్‌కి పదమూడున్నర. అక్కణ్ణుంచి క్యాలెండర్ పట్టుకుని కూర్చుంటే నీకు తలనొప్పే మిగులుతుంది.

కొన్ని పొరపాట్లు మాత్రం కథకి తిండి పెడతాయి. అవెంజర్స్ 4వ సంచికలో కెప్టెన్ అమెరికాని మంచులోంచి బయటికి తీసి, 1945 నుంచీ అక్కడే ఉన్నాడన్నారు. బాగానే ఉంది, మరి 1953, 54ల్లో అచ్చైన కెప్టెన్ అమెరికా కథల్లో ఉన్నది ఎవరు? చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1972లో స్టీవ్ ఎంగిల్‌హార్ట్ ఆ చిరుగుని కుట్టడానికి కూర్చుని దాంట్లోంచే కథ లాగాడు. ఆ యాభైల మనిషి వేరొకడు, కెప్టెన్‌లా ఉండాలని తపించి మతి చెడినవాడు. ఇప్పుడు అసలు కెప్టెన్ ఎదురుగా అతని వికృత రూపమే నిలబడింది. పాత కథలు చెరిగిపోలేదు, పైగా వాటికి కొత్త అర్థం వచ్చింది. రెట్‌కాన్, అంటే పాత కథకి తర్వాత కొత్త వివరణ ఇవ్వడం, ఇలా ఉండాలంటాను.

అన్నీ ఇలా ఉండవు. 1986లో జీన్‌ని తిరిగి తెచ్చారు. చనిపోయింది ఆమె కాదట, ఆమె రూపం తొడుక్కున్న ఫీనిక్స్ శక్తి అట, అసలు జీన్ నీళ్ల అడుగున ఒక గూడులో నిద్రపోతోందట. చిక్కుముడి విప్పిన పద్ధతిలో లొసుగు దొరకదు, 101వ సంచికతో సరిగ్గా అతుకుతుంది. కానీ నేరం చేసింది ఆమె కాదంటే 137లో బాకీ తీర్చింది ఎవరు? చంద్రుడి మీద ఆ నిర్ణయం ఎవరిది? అంతకన్నా ఘోరం జీన్‌ని ప్రేమించిన టీమ్ నాయకుడు స్కాట్‌కి జరిగింది. 1983లో అతను మేడలిన్ అనే ఆమెని పెళ్లి చేసుకున్నాడు, కొడుకు పుట్టాడు. జీన్ బతికే ఉందని కబురు రాగానే ఇద్దర్నీ వదిలి వచ్చేశాడు. తర్వాత మేడలిన్ జీన్‌కి నకలు అని తేల్చి ఆ మరక తుడవాలని చూశారు, నా దృష్టిలో తుడవలేకపోయారు. చూడు, సంఘటనలన్నీ ఒకదానికొకటి సరిపోయాయి, మనిషి మాత్రం సరిపోలేదు. నీ పట్టికలో ఇది లేదు, ఎందుకంటే ఇది ఏ ప్యానెల్‌లోనూ, అంటే ఏ బొమ్మ గడిలోనూ, తప్పుగా కనిపించదు. కొందరు నాతో ఒప్పుకోరు, జీన్ తిరిగి రాకపోతే తర్వాతి మంచి కథలు ఉండేవి కావంటారు. వాళ్ల వాదన వాళ్లది. నువ్వు రెండు వైపులా చదివి నీ పక్షం నువ్వు తేల్చుకో, గోడ మీద పిల్లిలా మాత్రం రాయకు.

చిన్న సంగతులు రెండు. కవర్ మీద వేసే నెల ఆ సంచిక అమ్మకానికి వచ్చిన నెల కాదు, కొన్ని నెలల తర్వాతి నెల వేసేవారు. ఏది ముందు వచ్చిందో వాదించేటప్పుడు అది మనసులో పెట్టుకో. ప్యానెల్ అడుగున చుక్క గుర్తు పెట్టి "ఫలానా సంచిక చూడండి" అని సంపాదకుడు వేసే గమనికలు దాటెయ్యకు. అన్నింటి వెంటా పరుగెత్తనక్కర్లేదు గానీ, ఏ పాత సంగతి మనకి గుర్తుండాలని వాళ్లు కోరుకున్నారో అవి చెప్తాయి.

వ్యాసం మళ్లీ రాసే ముందు 138వ సంచిక ఒక్కటీ తీసి చదువు. జీన్ అంత్యక్రియలు. స్కాట్ నిలబడి మొదటి సంచిక నుంచీ జరిగినదంతా తలుచుకుంటాడు, తర్వాత టీమ్ వదిలి వెళ్లిపోతాడు, అతను వెళ్తుంటే కిట్టీ ప్రైడ్ వచ్చి దిగుతుంది. పైపైన చూస్తే పాత కథల సారాంశం, చాలామంది పేజీలు తిప్పేస్తారు. కానీ తలుచుకుంటున్నది స్కాట్, సంపాదకుడు కాదు. అతను దేని దగ్గర ఆగాడు, దేన్ని ఒక్క ప్యానెల్‌లో దాటించాడు, దేన్ని అసలు తలుచుకోలేదు? కాగితం మధ్యలో గీత గీసి, ఒక పక్క అతను చెప్పినవీ రెండో పక్క వదిలేసినవీ రాసి నాకు పంపు. వ్యాసం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
అక్క