ఆటోలో గంజాయి దొరికితే నిర్దోషినని మేమే నిరూపించుకోవాలా?

ప్రశ్న: మా తమ్ముడు గాజువాకలో ఆటో నడుపుతాడు. ప్రయాణికుడి బ్యాగులో 22 కిలోల గంజాయి దొరికిందని వాడినీ నిందితుడిగా చేర్చారు. ఈ చట్టంలో నిర్దోషినని నిందితుడే నిరూపించుకోవాలంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సగమే నిజం. మామూలు కేసుల్లో రుజువు భారం ప్రాసిక్యూషన్‌దే; సహేతుకమైన సందేహం మిగిలితే నిందితుడు బయటపడతాడు. మాదకద్రవ్యాల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 35, 54 సెక్షన్లు మాత్రం ‘అతనికి తెలుసు’ అన్న ఊహతో మొదలవుతాయి. అయితే సరుకు అతని స్వాధీనంలో ఉందని ముందు ప్రాసిక్యూషనే రుజువు చేయాలని నూర్ ఆగా కేసులో (2008) సుప్రీంకోర్టు చెప్పింది. ప్రయాణికుడి బ్యాగు డ్రైవరు స్వాధీనంలో ఉన్నట్టా? మీ కేసంతా ఇక్కడే తేలుతుంది.

కాబట్టి ఆ ప్రయాణికుడు కొత్తవాడని చూపే ఆధారాలు వెతకండి: యాప్‌లో బుకింగ్, చెల్లింపు వివరాలు, ఇద్దరి మధ్య పాత ఫోన్ కాల్స్ లేకపోవడం. స్టాండు దగ్గరి సీసీ కెమెరా ఫుటేజీ కొద్ది రోజుల్లోనే చెరిగిపోవచ్చు. దాన్ని భద్రపరచమని లాయరు ద్వారా వెంటనే కోర్టును అడగండి. ఫుటేజీ కాపీకి భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జత కావాలి.

గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని ముందే చెప్పాలనే సెక్షన్ 50 పాటించలేదన్న వాదన మీద మరీ ఆశ పెట్టుకోకండి. అది ఒంటి సోదాకే, బ్యాగుకు వర్తించదు. సెక్షన్ 52ఏ ప్రకారం మేజిస్ట్రేటు ఎదుట నమూనాలు తీశారా, సీళ్లు సరిపోలాయా అన్నవి అంతకంటే గట్టి ప్రశ్నలు.

20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. సెక్షన్ 37 వల్ల బెయిలు కష్టమే.