పంటి చిగురు కణాలను ల్యాబ్‌లో పెంచడం ఎండీఎస్ థీసిస్‌కు సాధ్యమేనా?

మీ ప్రశ్న ఇది: పెరియోలో (చిగుళ్ల వైద్య విభాగం) ఎండీఎస్, అంటే దంతవైద్య పీజీ, మొదటి ఏడాది. చిగురు నుంచి కణాలు తీసి, పెంచి, కొలాజెన్ మెంబ్రేన్ (కొలాజెన్ ప్రొటీన్‌తో చేసిన పలచటి పొర) మీద వేసి చూడమని గైడ్ గారు అన్నారు. మీకు కల్చర్ ల్యాబ్ (కణాలు పెంచే ల్యాబ్) అనుభవం లేదు. ఇది థీసిస్ గడువులో అయ్యే పనేనా, ఎక్కడ దెబ్బతినే ప్రమాదం ఉంది, ఆ కణాలను పేషెంట్లకు వాడొచ్చా?

అవుతుంది. నేనూ పెరియో చదివి, తర్వాత కొన్నేళ్లు కల్చర్ ల్యాబ్‌లో ఇదే పని చేశాను. చిగురు ఫైబ్రోబ్లాస్ట్‌లు (టిష్యూలో కొలాజెన్ తయారుచేసే కణాలు) మొండి కణాలు, వాటిని పెరగనివ్వడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా శుభ్రంగా పెంచడంలోనే ఉంది. అందులో సగం సంగతి డెంటల్ చెయిర్ దగ్గరే తేలిపోతుంది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

క్రౌన్ లెంగ్తెనింగ్‌లో (పన్ను ఎక్కువ కనబడేలా చిగురు కోసే సర్జరీ), జ్ఞానదంతం తీసేటప్పుడు ఎలాగూ పారేసే చిగురు ముక్కే మీకు కావాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి, పేషెంటు రాతపూర్వక సమ్మతి ముందే ఉండాలి. వాచి, చీము పట్టిన చిగురు వద్దు. అందులో బ్యాక్టీరియా ఎక్కువ, పైగా ఆ కణాల ప్రవర్తనే వేరుగా ఉంటుంది. పొగతాగే వాళ్ల టిష్యూ కూడా పక్కన పెట్టండి. కొన్నాళ్ల ముందే స్కేలింగ్ చేయించి, సర్జరీకి ముందు క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలింపజేయండి. కోసేది బ్లేడుతోనే కోయాలి. కాటరీతో (వేడితో కోసే పరికరం), లేజర్‌తో కోస్తే అంచులు కాలిపోతాయి, కణాలు బయటికి రావాల్సింది ఆ అంచుల్లోంచే. మత్తుమందును కూడా ఆ ముక్కలోకే ఎక్కించకుండా కాస్త దూరంగా ఇవ్వమని సర్జన్‌కి చెప్పండి. ఆ మత్తుమందు, లిగ్నోకైన్, కణాలకు మంచిది కాదు.

ముక్కను వెంటనే యాంటీబయాటిక్ కలిపిన మీడియంలో (కణాలకు ఆహారమిచ్చే ద్రవం) వేసి, ఐస్ మీద, అదే రోజు ల్యాబ్‌కి చేర్చాలి. మామూలు కల్చర్‌లో మిల్లీలీటరుకు 100 యూనిట్ల పెన్సిలిన్, 100 మైక్రోగ్రాముల స్ట్రెప్టోమైసిన్ వాడతారు. నోటి టిష్యూని కడిగేటప్పుడు మాత్రం అది చాలదు. దానికి కొన్ని రెట్లు ఎక్కువ వేసి, ఫంగస్‌ను చంపే ఆంఫోటెరిసిన్ కూడా కలిపి, ఒకటికి నాలుగుసార్లు కడగండి. చర్మంతో పనిచేసే ల్యాబ్‌వాళ్లు ఇంత అవసరమా అంటారు. వాళ్ల మాట వినకండి, నోట్లో ఎన్ని రకాల క్రిములుంటాయో డెంటిస్టుగా మీకు తెలుసు.

తర్వాత ఎపిథీలియం, అంటే పైపొర, తీసేయాలి. డిస్పేస్ అనే ఎంజైమ్‌లో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే, మర్నాడు సన్నటి ఫోర్సెప్స్‌తో అంచు పట్టుకుని లాగగానే పైపొర ఊడి వచ్చేస్తుంది. మిగిలిన కనెక్టివ్ టిష్యూని (పైపొర కింద ఉండే టిష్యూ) రెండు బ్లేడులతో మిల్లీమీటరు ముక్కలుగా కోయండి. చీల్చకూడదు, తెగాలి. ఆ ముక్కల్ని డిష్‌లో దూరదూరంగా పెట్టి, మూతపెట్టి, అరగంట ఇంక్యుబేటర్‌లో వదిలేస్తే అడుక్కి అంటుకుంటాయి. అప్పుడు పది శాతం ఆవు సీరం (రక్తం నుంచి తీసే ద్రవం) కలిపిన డీఎంఈఎం అనే మీడియం అంచు వెంబడి చుక్కచుక్కగా పోయండి, ముక్కలు తడిసేంత చాలు. ఎక్కువ పోస్తే అవి తేలిపోతాయి, తేలిన ముక్కలోంచి కణాలు రావు. చాలామందికి మొదటిసారి ఏమీ రాకపోవడానికి కారణం ఇదే. కొలాజినేజ్ అనే ఎంజైమ్‌తో టిష్యూని కరిగించే పద్ధతి త్వరగా కణాలిస్తుంది గానీ, ముక్క చిన్నదైనప్పుడు ముక్కలోంచే కణాలు రానిచ్చే ఈ ఎక్స్‌ప్లాంట్ పద్ధతే నేను నమ్ముతాను.

ఆ తర్వాత మూడు రోజులు డిష్‌ని కదపకండి. ఇదే అసలు టెన్షన్ పెట్టే దశ, రోజూ తీసి చూడాలనిపిస్తుంది. వారం, పది రోజులకు ముక్క అంచున సన్నగా, రెండు కొనలు తేలిన కణాలు ఒకటీ అరా కనిపిస్తాయి. ఇంకొన్నాళ్లకు చేపల గుంపు ఒకే దిక్కుకు తిరిగినట్టు వరసలు కట్టి సాగుతాయి. డిష్ ముప్పావు వంతు నిండాక కణాలను అడుగు నుంచి ఊడదీసే ట్రిప్సిన్ వేసి ఫ్లాస్క్‌లోకి మార్చండి. దీనికి మొత్తం మూడు నాలుగు వారాలు పట్టొచ్చు.

గులాబీ రంగు మీడియం ఒక్క రాత్రిలో పసుపుపచ్చగా మారి మసకబారిందంటే బ్యాక్టీరియా వచ్చినట్టే. ఆ డిష్‌ని కాపాడే ప్రయత్నం చేయకుండా పారేయండి, లేకపోతే పక్క డిష్‌లూ పోతాయి. ఇంతకంటే ప్రమాదం మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియా. అది మైక్రోస్కోప్‌లో కనబడదు, మీడియం మసకబారదు, పెన్సిలిన్ దాన్నేమీ చేయలేదు. కణాలు పెరుగుతూనే ఉంటాయి, రిజల్ట్స్ మాత్రం తప్పుగా వస్తాయి. దాని డీఎన్‌ఏను పట్టుకునే పీసీఆర్ టెస్టు తప్పకుండా చేయించండి. బడ్జెట్ వేసేటప్పుడే దానికి డబ్బు పక్కన పెట్టుకోండి.

పెరిగినవి ఫైబ్రోబ్లాస్ట్‌లేనని చూపించడానికి వైమెంటిన్ (ఫైబ్రోబ్లాస్ట్‌లలో ఉండే ప్రొటీన్) పాజిటివ్, సైటోకెరాటిన్ (ఎపిథీలియం కణాల ప్రొటీన్) నెగెటివ్ స్టెయినింగ్ కావాలి. కనీసం ముగ్గురు దాతల కణాలను విడివిడిగా పెంచండి, కలిపేయకండి. ప్రయోగాలన్నీ మూడు నుంచి ఆరో పాసేజ్ (కణాలను కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చిన ప్రతిసారీ ఒక పాసేజ్) లోపు ముగించండి. రెండో పాసేజ్‌లోనే కొన్ని వయల్స్ (చిన్న సీసాలు), గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే డీఎంఎస్‌ఓ పది శాతం కలిపి, ఫ్రీజ్ చేసి లిక్విడ్ నైట్రోజన్‌లో దాచుకోండి. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరచాలి, అందుకు తగ్గ ఫ్రీజింగ్ డబ్బాలు దొరుకుతాయి.

థీసిస్ టైటిల్‌లో 'స్టెమ్ సెల్స్' (వేరే రకాల కణాలుగా మారగల మూలకణాలు) అని పెట్టాలనే ఉత్సాహం మీ డిపార్ట్‌మెంట్‌లో ఉండొచ్చు. దయచేసి వద్దు. చిగురులో మెసెంకైమల్ రకం (ఎముక, కొవ్వు వంటివిగా మారగల) స్టెమ్ కణాలున్నాయని 2009లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందం చూపించిన మాట నిజం. కానీ ఆ పేరు పెట్టడానికి అందరూ చూపించే సీడీ73, సీడీ90, సీడీ105 గుర్తులు (కణాల పైనుండే ప్రొటీన్లు) మామూలు ఫైబ్రోబ్లాస్ట్‌ల మీదా ఉంటాయి. ఎముకగా, కొవ్వుగా, మృదులాస్థిగా మారతాయని చూపించకుండా ఆ పేరు వాడటం సరికాదు.

ఫైబ్రోబ్లాస్ట్‌లంటే చిన్నచూపు కూడా అక్కర్లేదు. పైన ఎలాంటి ఎపిథీలియం రావాలో నిర్ణయించేది కింది కనెక్టివ్ టిష్యూయే. 1975లో కారింగ్, లాంగ్, లో అనే ముగ్గురు పరిశోధకులు కోతుల్లో చిగురు కనెక్టివ్ టిష్యూని పక్కనున్న మెత్తటి మ్యూకోసా (నోటి లోపలి పొర) కింద పెడితే, పైన గట్టి కెరటినైజ్డ్ ఎపిథీలియమే వచ్చింది. ఈ రంగం మొత్తానికి నా దృష్టిలో ముఖ్యమైన ప్రయోగం ఇదే. ఇవాళ చిగురు తగ్గిపోయిన పేషెంటుకు అంగిలి కోసి గ్రాఫ్ట్ (అతికించే టిష్యూ) తెస్తున్నాం. ఆ తర్వాత వాళ్లు అన్నం కూడా తినలేక పడే బాధ మీరూ చూసే ఉంటారు. అంగిలి కోయకుండా చిగురు ఇవ్వగలగాలి, మనం ఇదంతా చేసేది అందుకే. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో అనుమతించిన గింటూయిట్ కొంతవరకు ఆ పనే చేసింది. కొలాజెన్ మీద పెంచిన కణాల పొర అది. కణాలు మాత్రం నవజాత శిశువుల సున్తీ చర్మం నుంచి తెచ్చినవి. అంగిలి గ్రాఫ్ట్ అంత వెడల్పు రాకపోయినా, వచ్చిన చిగురు రంగు పక్క చిగురుతో బాగా కలిసింది.

మెంబ్రేన్ మీద కణాలు వేసేటప్పుడు, కణాలున్న ద్రవాన్ని కొద్దిగానే మెంబ్రేన్ పైన చుక్కలుగా వేసి, గంటా రెండు గంటలు ఆగి, అప్పుడు మీడియం నింపండి. ముందే నింపితే కణాలు జారి ప్లాస్టిక్ మీద పెరుగుతాయి, మీరు మాత్రం మెంబ్రేన్ మీద పెరిగాయనుకుంటారు. ఎంటీటీ (బతికున్న కణాలను రంగుతో కొలిచే టెస్టు) చేసేముందు మెంబ్రేన్‌ని కొత్త వెల్‌లోకి (ప్లేటులోని గుంట) మార్చండి. కణాల్లేని ఖాళీ మెంబ్రేన్‌ని కంట్రోల్‌గా పెట్టండి, ఎందుకంటే కొలాజెన్ కూడా రంగు పట్టుకుంటుంది.

మీ కాలేజీలో కల్చర్ ల్యాబ్ లేకపోతే కొత్తగా కట్టించే ప్రయత్నం చేయకండి, మీ కోర్సు కాలం సరిపోదు. దగ్గర్లోని యూనివర్సిటీ బయోటెక్నాలజీ విభాగంతో ఇప్పుడే మాట్లాడుకోండి. వాళ్ల హుడ్‌లో (శుభ్రమైన గాలి ఆడే పెట్టె లాంటి బల్ల) ముందు ఏదైనా సెల్ లైన్‌తో చేయి తిప్పుకుని, ఆ తర్వాతే పేషెంటు టిష్యూ ముట్టుకోండి.

ఇక పేషెంట్ల సంగతి. థీసిస్ కోసం పెంచిన కణాలను నోట్లో పెట్టడం కుదరదు. ఆవు సీరంలో, మామూలు ల్యాబ్‌లో పెంచినవి అందుకు పనికిరావు. దానికి జీఎంపీ సదుపాయం (మందుల తయారీ ప్రమాణాలు పాటించే ల్యాబ్), నియంత్రణ సంస్థ అనుమతి, క్లినికల్ ట్రయల్ కావాలి. స్టెమ్ సెల్స్ పేరుతో ఏం చేసినా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు వర్తిస్తాయి. అలాగని ఇది ఎక్కడో విదేశాల్లోనే జరిగే పని అనుకోకండి. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటి నల్లగుడ్డు అంచు టిష్యూ ముక్కను ఉమ్మనీటి సంచి పొర మీద ఇదే ఎక్స్‌ప్లాంట్ పద్ధతిలో పెంచి, 2001 నుంచే పేషెంట్లకు అమర్చారు. వాళ్ల పేపర్లు తప్పకుండా చదవండి. ఎథిక్స్ కమిటీకి ఇచ్చే డ్రాఫ్ట్ తయారయ్యాక టిష్యూ సేకరణ భాగం ఇక్కడ పెడితే చూసి చెబుతాను.