భారత్-పాకిస్తాన్ హాకీ పోటీ ఎప్పుడు ముదిరింది?
మా పర్లాకిమిడి, బరంపురం వైపు కుర్రాళ్లకు భారత్-పాక్ అంటే క్రికెట్టే. హాకీలో ఈ పట్టుదల ఎక్కడ మొదలైందని అడిగారు కాబట్టి చెబుతున్నా.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ ఫైనల్లో మనం 1-0తో నెగ్గాం. 1960లో రోమ్‌లో పాకిస్తాన్ అదే 1-0తో గెలిచి, 1928 నుంచి మన చేతిలోనే ఉన్న స్వర్ణాన్ని పట్టుకుపోయింది. నా దృష్టిలో అసలు దెబ్బ అదే. 1964 టోక్యోలో మొహిందర్ లాల్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో తిరిగి తెచ్చుకున్నాం. మూడు ఫైనల్స్‌కీ కలిపి మూడే గోల్స్! మూడింట్లోనూ మన గోల్‌కీపర్ శంకర్ లక్ష్మణే. ఆయన టెన్షన్ ఎంతుంటుందో ఆలోచించండి.

1975 ప్రపంచకప్ ఫైనల్ 2-1తో మనది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో మాత్రం 7-1తో చిత్తయ్యాం. మన భువనేశ్వర్‌లోనూ 2014 ఛాంపియన్స్ ట్రోఫీ సెమీస్ వాళ్లే గెలిచారు, 4-3తో.