బండి అమ్మారు, ఆర్సీలో పేరు మాత్రం మీదే

ప్రశ్న: ఎనిమిదేళ్ల క్రితం ఒక ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాను కొని, నేనూ నా భార్యా సెలవు దొరికినప్పుడల్లా పనిచేసి దాన్ని క్యాంపర్ వ్యానుగా మార్చుకున్నాం. వెనక సీట్లు తీయించి మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించాం. పైకప్పు ఎత్తు పెంచాం. ఎన్ని కొండదారులు తిరిగినా ఆ బండి మమ్మల్ని ఒక్కసారి కూడా నడిదారిలో వదిలేయలేదు. ఆమె పోయాక దాన్ని కళ్లెదురుగా చూస్తూ ఉండలేక, 2 సంవత్సరాల 4 నెలల క్రితం స్నేహితుడి ద్వారా పరిచయమైన ఒకతనికి అమ్మేశాను. "అన్నయ్యా, మీ ఇంటి ఆడపిల్లను మా ఇంటికి పంపారనుకోండి, కంటికి రెప్పలా చూసుకుంటాను" అన్నాడు. ధరలో మూడింట రెండు వంతులు బ్యాంకు ద్వారా ఇచ్చాడు. మిగిలింది ఆరు నెలల్లో ఇస్తానని తెల్లకాగితం మీద రాసి సంతకం చేశాడు. ఆ కాగితం అతని దగ్గరే ఉంది, నా ఫోనులో ఫొటో ఉంది. నేను బదిలీ ఫారాల మీద తేదీ వేయకుండా సంతకాలు చేసి ఇచ్చేశాను. ఇప్పటికీ ఆర్సీ నా పేరు మీదే ఉంది, చలానాలు నాకే వస్తున్నాయి. అడిగితే "ఫోర్ వీల్ పనిచేయడం లేదు, మార్పులు చేసిన బండి కాబట్టి ఆర్టీఏలో బదిలీ చేయరు" అంటున్నాడు. గట్టిగా నిలదీస్తే బాకీకి చెక్కు ఇచ్చాడు. అది 22 రోజుల క్రితం తిరిగొచ్చింది. ఇంకో నెల ఆగమన్నాడు, ఆగుతున్నాను. ఇన్నాళ్లూ ఇన్సూరెన్స్ అతనే నా పేరుతో కడుతూ వచ్చాడు. వచ్చే వారం గడువు తీరుతుందని ఏజెంటు ఫోను చేశాడు. ఇంత నమ్మకద్రోహం చేసినవాడి మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా? రెండో తాళంచెవి నా దగ్గరే ఉంది. రాత్రికి వెళ్లి బండి తెచ్చుకోమని కొందరు, బండి పోయిందని పోలీసులకు ఫిర్యాదు ఇవ్వమని కొందరు అంటున్నారు. ఆర్సీ నా పేరు మీదే ఉన్నప్పుడు అందులో తప్పేమిటి?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో అతను ఏమన్నాడో ఎక్కువగా రాశారు. నేను అందులో వెతికింది తేదీలు. వాటిలో రెండు మీ నెత్తి మీదకు వచ్చి ఉన్నాయి. ముందు అవి చూద్దాం.

చెక్కు తిరిగొచ్చి 22 రోజులైందన్నారు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 ప్రకారం, చెక్కు చెల్లలేదన్న సమాచారం బ్యాంకు నుంచి మీకు అందిన రోజు మొదలు 30 రోజుల్లోపు రాతపూర్వకంగా డిమాండ్ నోటీసు ఇవ్వాలి. అంటే మీకు మిగిలింది ఎనిమిది రోజులు. అతను నెల ఆగమన్నాడు, మీరు సరేనన్నారు. అతనికి చట్టం తెలిసి అడిగాడో, తెలియక అడిగాడో నాకు అనవసరం. మీరు ఆగితే నష్టపోయేది మీరే. నోటీసు అందాక అతనికి 15 రోజుల గడువు ఉంటుంది. అప్పటికీ చెల్లించకపోతే, ఆ గడువు ముగిసిన నాటి నుంచి నెలలోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదు వేయడం ఆలస్యమైతే తగిన కారణం చూపి కోర్టును మన్నించమని అడగవచ్చు. నోటీసు ఆలస్యానికి అలాంటి మన్నింపు లేదు. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలలు దాటకపోతే మళ్లీ బ్యాంకులో వేసి, మళ్లీ తిరిగొస్తే అప్పుడు నోటీసు ఇవ్వవచ్చు. కానీ చేతిలో ఉన్న ఎనిమిది రోజులు వదిలేసి దాని మీద ఆధారపడకండి.

నోటీసులో చెక్కు మీద ఉన్న మొత్తాన్నే అడగాలి. కోపం కొద్దీ చలానాలు, వడ్డీ, మానసిక వేదన అన్నీ కలిపి ఒకే పెద్ద అంకె వేస్తే నోటీసే చెల్లకుండా పోతుంది. అలా కొట్టుకుపోయిన కేసులు ఎన్నో. బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో, చెక్కు, నోటీసు నకలు, పోస్టు రసీదు, అందినట్టు వచ్చే కార్డు ఒకే కవరులో భద్రం చేయండి. ఫిర్యాదు అతని ఊళ్లో వేయనక్కరలేదు. చెక్కు జమ చేసిన మీ ఖాతా ఏ శాఖలో ఉందో ఆ పరిధిలోని కోర్టులోనే వేయవచ్చు.

ఇక ఇన్సూరెన్స్. దీన్ని మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది ఆ వాక్యమే. ఎందుకో తెలియాలంటే మీ కేసును తేల్చే అసలు అంశంలోకి రావాలి.

బండికి చట్టంలో రెండు యాజమాన్యాలు ఉంటాయి. వస్తు విక్రయ చట్టం, 1930 ప్రకారం, ఫలానా బండి అని తెలిసి, ధర కుదిరి, బండి అప్పగించాక, మీ ఒప్పందంలో వేరే షరతు లేకపోతే అది కొన్నవాడి సొత్తు. డబ్బు మొత్తం అందకపోయినా సరే. కాబట్టి మీకూ అతనికీ మధ్య ఆ వ్యాను 2 సంవత్సరాల 4 నెలల క్రితమే అతనిదైపోయింది. మోటారు వాహనాల చట్టం, 1988 దారి వేరు. అందులో సెక్షన్ 2(30) ప్రకారం, రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని. రోడ్డు మీద ఆ బండి ఎవరినైనా గుద్దితే, బాధితుడి దృష్టిలో, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ దృష్టిలో యజమాని మీరే.

ఇది పుస్తకంలో మిగిలిపోయిన మాట కాదు. 2007 జులైలో ఒకాయన కారు అమ్మాడు. అది చేతులు మారుతూ పోయింది, ఆర్సీలో పేరు మాత్రం మారలేదు. 2009 మేలో ప్రమాదం జరిగింది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసు తేల్చుతూ, పరిహారం బాధ్యత రిజిస్టరులో పేరున్న మొదటి యజమానిదేనని చెప్పింది. బాధితుడు ఎవరు ఎవరికి అమ్మారో వెతుక్కుంటూ తిరగాలా అన్నది కోర్టు ప్రశ్న. మీ దగ్గర అమ్మకం కాగితం ఉన్నా, లేకపోయినా ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేదు.

అందుకే పాలసీ గడువు ఒక్క రోజు కూడా తప్పకూడదు. మంచుదారుల్లో, లోయల అంచున తిరిగే బరువైన బండి అది. పాలసీ లేని రోజున ఒక ప్రాణం పోతే, లక్షల్లో పరిహారం మీ ఇంటి మీదకు వస్తుంది. ఆ తర్వాత అతని దగ్గర వసూలు చేసుకోవడానికి మీరు మళ్లీ దావా వేసుకోవాలి. థర్డ్ పార్టీ పాలసీని మీ సొమ్ముతోనే పునరుద్ధరించండి. బండి అమ్మేశాననీ, బదిలీ ఇంకా కాలేదనీ ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, వారి ముద్ర వేసిన నకలు దగ్గర పెట్టుకోండి. బండికి జరిగే సొంత నష్టానికి మాత్రం ఆ పాలసీ మీద ఆశ పెట్టుకోకండి. బండి మీది కాదు కాబట్టి అందులో మీకు నష్టం లేదు.

ఇప్పుడు తాళంచెవి సంగతి. "ఆర్సీ నా పేరు మీద ఉంది కదా" అనే మాటకు పైన చెప్పిందే సమాధానం. ఆర్సీ మిమ్మల్ని బాధ్యుడిని చేస్తుంది. అమ్మేసి అప్పగించిన బండిని రాత్రిపూట తెచ్చుకునే హక్కు ఇవ్వదు. డబ్బు అందని అమ్మకందారుకు సరుకును తన దగ్గరే ఆపుకునే హక్కు ఉంది. అయితే అది సరుకు తన చేతిలో ఉన్నంత వరకే. అప్పగించిన రోజునే ఆ హక్కు పోయింది. ఇప్పుడు అతని అనుమతి లేకుండా బండి కదిలిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 కింద మీ మీద దొంగతనం కేసు పెట్టడానికి అతనికి మీరే చక్కని అవకాశం ఇచ్చినట్టు. బండిలో అతని సామాను కూడా ఉంటుంది, దానికీ లెక్క చెప్పాల్సి వస్తుంది.

బండి పోయిందని ఫిర్యాదు ఇవ్వడం ఇంతకంటే ఘోరం. బండి ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో మీకు తెలుసు. డబ్బు తీసుకున్నట్టు మీ బ్యాంకు ఖాతాలోనే ఉంది. తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు ఇవ్వడం నేరం. పోలీసులు మొదటి గంటలోనే అతని ఇంటికి వెళ్తారు, అతను మీ సంతకాలున్న బదిలీ ఫారాలు బల్ల మీద పెడతాడు. ఆ క్షణం నుంచి ఏ కోర్టులో మీరు ఏం చెప్పినా మీ మాటకు విలువ ఉండదు. ఈ సలహా ఇచ్చిన మిత్రులు రేపు మీతో పాటు బోనులో నిలబడరు.

చీటింగ్ కేసు కూడా నిలవడం కష్టం. మోసం నేరం కావాలంటే, ఒప్పందం చేసుకున్న నాడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉండాలి. మూడింట రెండు వంతులు బ్యాంకు ద్వారా ఇచ్చి, రెండేళ్లు ఇన్సూరెన్స్ కట్టినవాడికి ఆ రోజే దురుద్దేశం ఉందని నిరూపించడానికి మీ దగ్గర ఏముంది? మాట తప్పడం వేరు, మోసం వేరు. మీకు రావాల్సింది సివిల్ కోర్టులోనే వస్తుంది.

అక్కడ గడువు మూడేళ్లు. ఎప్పటి నుంచి మూడేళ్లు అన్నదే చిక్కు. ధర చెల్లించడానికి గడువు రాసుకోకపోతే బండి అప్పగించిన తేదీ నుంచి లెక్క. అప్పుడు మీకు ఎనిమిది నెలలే మిగిలాయి. ఆరు నెలల వాయిదా రాసుకున్నట్టు రుజువైతే, ఆ ఆరు నెలలు ముగిసిన నాటి నుంచి లెక్క. ఈ తేడా అంతా ఆ తెల్లకాగితం మీద ఉంది. అసలు కాగితాన్ని బాకీ ఉన్నవాడి చేతికే ఇచ్చి, ఫొటోతో సరిపెట్టుకున్నారు. తాళంచెవి దాచుకున్న మనిషి కాగితం ఎందుకు దాచుకోలేదు? ఇంత విలువైన బండి అమ్ముతూ తేదీ లేని ఫారాల మీద సంతకాలు చేయడం కూడా మీ తప్పే. ఆ ఖాళీల్లో రేపు ఎవరి పేరు, ఏ తేదీ పడుతుందో మీకు తెలియదు.

దీనికి మందు ఉంది. నోటీసులోనే అసలు కాగితాన్ని హాజరుపరచమని కోరండి. అతను తేకపోతే నకలును ద్వితీయ సాక్ష్యంగా చూపడానికి దారి తెరుచుకుంటుంది. ఫొటో, వాట్సాప్ సంభాషణలు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద, అవి ఏ పరికరం నుంచి ఎలా తీశారో ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. దయచేసి ఆ ఫోను మార్చకండి, అమ్మకండి, అందులో ఏ సందేశమూ చెరపకండి. అతను రాజీకి వస్తే ముందుగా అడగాల్సింది, ఇంత బాకీ ఉన్నానని తేదీ వేసి సంతకం చేసిన ఒక ముక్క. మూడేళ్లు దాటకముందే అలాంటి కాగితం వస్తే ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. గడువు దాటాక వచ్చిన ఒప్పుకోలుకు ఆ బలం ఉండదు.

అతని సాకులకు వద్దాం. ఫోర్ వీల్ పనిచేయడం లేదంటున్నాడు. ఎప్పటి నుంచి? కొన్న వారంలో చెప్పాడా, డబ్బు అడిగాక చెప్పాడా? సరుకు తీసుకుని ఇంతకాలం వాడుకున్నవాడు దాన్ని వద్దని తిప్పి ఇవ్వలేడు. మహా అయితే, మీరు ఇచ్చిన హామీ తప్పని నిరూపించి ధరలో కొంత తగ్గించమని అడగగలడు. ఇక్కడ మీరు తిట్టుకుంటున్న చలానాలే మీకు పనికొస్తాయి. వాటిలో ఫొటోలు ఉన్నవి డౌన్‌లోడ్ చేసుకోండి. ప్రతి దాని మీద తేదీ, సమయం, స్థలం ఉంటాయి. ఘాట్ రోడ్డులో అతివేగానికి పడిన చలానా ఒక్కటి చాలు, బండి పనికిరాదన్న వాదన పలచబడటానికి. ఫొటోలో అతను తర్వాత బిగించుకున్న సైకిలు స్టాండో, కొత్త గుడారపు తెరో కనబడితే బండి ఎవరి స్వాధీనంలో ఉందో కూడా తేలుతుంది. వాటిని వరుసగా తేదీల పట్టికలో రాయండి.

రెండో సాకులో మాత్రం కొంత నిజం ఉంది, అది మీ నిర్లక్ష్యం వల్ల వచ్చిందే. సీట్లు తీయించి, పైకప్పు ఎత్తి, మంచం, పొయ్యి పెట్టించినప్పుడు ఆర్సీలోని వివరాలకు బండికి పొంతన పోయింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, అలాంటి మార్పులకు రిజిస్టరింగ్ అధికారి అనుమతి ఉండాలి. మీరు తీసుకున్నట్టు ఎక్కడా రాయలేదు. ఆ సంగతి అతనికి ముందే చెప్పి ఉంటే, చెప్పినట్టు చూపే సందేశం వెతకండి. చెప్పి ఉండకపోతే ధరలో కొంత వదులుకోవడానికి సిద్ధపడి మాట్లాడండి. అధికారి బండిని చూడాలి కాబట్టి, అతను బండి తీసుకురాకుండా ఈ చిక్కు తీరదు.

మీ వంతు పని మీరు చేయండి. అమ్మిన 14 రోజుల్లో ఫారం 29లో రవాణా అధికారికి మీరే తెలియజేయాల్సింది. ఆలస్యమైనా ఇప్పుడు కొత్తగా నింపి, సంతకం కింద ఇచ్చే రోజు తేదీనే వేసి, వ్యక్తిగతంగా ఇచ్చి రసీదు తీసుకోండి. పాత తేదీ వేసి అప్పుడే ఇచ్చినట్టు చూపాలనే ఆలోచన వద్దు. కోర్టు కోసం సాక్ష్యం సృష్టించడం ఏడేళ్ల వరకు జైలు పడే నేరం. తెలియజేసినంత మాత్రాన ఆర్సీలో మీ పేరు పోదు. అయితే మీరు దాచలేదనడానికి అది రుజువు.

అతను దారికి రాకపోతే ఒకే దావా వేయండి. అందులో బాకీ, వడ్డీ, చలానాలు అడగండి. బండిని హాజరుపరచి బదిలీ పూర్తిచేయాలన్న ఆదేశం కోరండి. బదిలీ అయ్యేలోపు ఏ పరిహారం మీ మీద పడినా అతనే భరించాలన్న కోర్టు ప్రకటన (డిక్లరేషన్) కూడా కోరండి. డబ్బుకు ఇప్పుడు, బదిలీకి తర్వాత అని విడదీస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 2 రూల్ 2 కింద రెండోది కొట్టుకుపోవచ్చు. మీకు బాకీ కంటే బదిలీ ముఖ్యం. రాజీలో కొంత డబ్బు వదులుకోవాల్సి వస్తే వదులుకోండి, బదిలీని మాత్రం వాయిదా వేయకండి.

ఆ రెండో తాళంచెవి మీ దగ్గర ఉందని నోటీసులోనే రాయించండి. బదిలీ పూర్తయి, డబ్బు ఖాతాలో పడిన రోజు అప్పగిస్తామని కూడా రాయించండి. అప్పటి వరకు దాన్ని ఒక కవరులో పెట్టి, అంటించి, మీ న్యాయవాది దగ్గర ఉంచండి.